అరచేతి యంత్రమా? తెరచిన గదియా?

తిరుపతి పేరు వినగానే ఎవరికైనను కొండ జ్ఞప్తికి వచ్చును. కాని ఆ కొండ పాదమున ఒక విద్యానగరము కూడ పెరిగియున్నది. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయము 1954లో స్థాపింపబడినది. శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయము 1983లో వెలసినది. 2015లో ఐఐటి, ఐసర్ అను రెండు జాతీయ విద్యాసంస్థలు ఒకే సంవత్సరమున ఇచ్చట ప్రారంభమైనవి. చిత్తూరు జిల్లా దక్షిణపు కొసన కుప్పములో 1997 నుండి ద్రావిడ విశ్వవిద్యాలయము నడచుచున్నది. పీలేరు, పలమనేరు, పుంగనూరు, శ్రీకాళహస్తి, సత్యవేడు మొదలగు ప్రాంతముల పల్లెల నుండి బిడ్డలు పెట్టె సర్దుకొని ఇట్టి విద్యాలయములకు వచ్చుచుందురు. వారిలో పలువురు తమ ఇంట డిగ్రీ చదువు ముఖము చూచిన మొదటి తరమువారు.

అట్టి విద్యార్థికి నేడు కంప్యూటరు లేక చదువు సాగదు. భౌతికశాస్త్ర విద్యార్థి ప్రయోగ ఫలితములను రేఖాపటములుగా గీయవలెను. అర్థశాస్త్ర విద్యార్థి వేలకొలది కుటుంబముల లెక్కలను కూడవలెను. తెలుగు సాహిత్యమున పరిశోధించువాడు తన సిద్ధాంత గ్రంథమును తెలుగు లిపిలో కూర్చుకొనవలెను. తిరుపతికి చేరువలోనే గాదంకి వద్ద జాతీయ వాతావరణ పరిశోధనాలయమున్నది. అందలి 53 మెగాహెర్ట్జ్ రాడారు గాలి పొరల నుండి తిరిగివచ్చు అతి బలహీనమైన ప్రతిధ్వనులను పట్టుకొనును. ఆ ప్రతిధ్వనుల గజిబిజిలో గాలివేగమెంత అన్నది కంప్యూటరు లెక్క కట్టినగాని తెలియదు. అనగా ఆకాశమును చదువుటకు కూడ ఈ యంత్రమే కావలెను.

మరి సొంతముగా కంప్యూటరు కొనలేని విద్యార్థికి అది అందు మార్గమేది? ఈ ప్రశ్నకు లోకమున రెండు సమాధానములున్నవి. ప్రతి విద్యార్థి చేతిలో ఒక చౌక యంత్రమును పెట్టుడని కొందరందురు. విద్యాలయములో మంచి గది నొకదానిని ఏర్పరచి, దాని తలుపులు తెరచి యుంచుడని మరికొందరందురు. మొదటి సమాధానము మన దేశములో గొప్ప ఆర్భాటముతో వెలువడినది తిరుపతిలోనే. కావున దానిని విమర్శించి చూచుటకు తిరుపతియే తగిన చోటు.

2009 ఫిబ్రవరి 3

ఆ దినమున నాటి కేంద్ర మానవ వనరుల అభివృద్ధి శాఖ మంత్రి అర్జున్ సింగ్ తిరుపతిలో ఒక జాతీయ ఉద్యమమును ప్రారంభించిరి. సమాచార సాంకేతిక శాస్త్రము ద్వారా విద్యను అందించుట దాని లక్ష్యము. విశ్వవిద్యాలయములను సెకనుకు 1 గిగాబిట్ వేగము గల గాజు తంతులతో కలుపవలెననియు, పాఠములను అందరికి ఉచితముగా అందించవలెననియు, విద్యార్థి చేతికి చౌక యంత్రమును ఇవ్వవలెననియు అందు సంకల్పించిరి.

ఈ మూడింటిలో పత్రికలను ఆకర్షించినది చివరిదే. పది డాలర్ల లాప్‌టాప్, అనగా నాటి విలువలో సుమారు 500 రూపాయల లాప్‌టాప్, తిరుపతిలో చూపబోవుచున్నారని కొన్ని దినములకు ముందే దేశదేశముల పత్రికలు వ్రాసినవి. తీరా ఆ దినమున చూపినది సాక్షాత్ అను పేరుతో ప్రచారమైన ఒక చిన్న పెట్టె. చూచినవారు అది లాప్‌టాప్ కాదనియు, పాఠములను నిలువచేసి ఇతర యంత్రములకు అందించు సాధనము వంటిదనియు వ్రాసిరి. 500 రూపాయలకు విద్యార్థి చేతికి వచ్చిన లాప్‌టాప్ ఆ పిమ్మట కూడ ఏదియు లేదు.

తరువాత 2010 జూలైలో 35 డాలర్ల పలక నమూనాను ఢిల్లీలో చూపిరి. 2011 అక్టోబరు 5న ఆకాశ్ అను పేర ఏడంగుళముల పలక వెలువడినది. ప్రభుత్వము దానికి ఇచ్చిన ధర సుమారు 50 డాలర్లు. దాని ప్రాసెసర్ వేగము 366 మెగాహెర్ట్జ్, పని చేయు జ్ఞాపకశక్తి 256 మెగాబైట్లు. అది నత్తనడక నడచుచున్నదని విమర్శ రాగా, 2012 నవంబరులో 1 గిగాహెర్ట్జ్ వేగమును 512 మెగాబైట్ల జ్ఞాపకశక్తిని గల రెండవ ఆకాశ్ వచ్చినది. 2015 నాటికి ఆ పథకమే ముగిసినది.

ధర ఎచ్చట ఆగిపోయినది?

ఇందులో ఎవరినో నిందించుటకంటె, లోపము ఎక్కడున్నదో తెలిసికొనుట శాస్త్ర విద్యార్థికి ప్రయోజనకరము. కంప్యూటరులోని భాగములన్నియు ఒకే తీరున చౌకగావు. సిలికాన్ బిళ్లపై అమర్చగల ట్రాన్సిస్టర్ల సంఖ్య ఏటేట పెరుగుట వలన లెక్కకట్టు భాగము, జ్ఞాపక భాగము వేగముగా చౌకైనవి. కాని తెర అట్టిది కాదు. తెరకు గాజు కావలెను, ద్రవస్ఫటికపు పొర కావలెను, వెనుకనుండి వెలుగు కావలెను. ఏడంగుళముల తెర ఎన్నటికిని ఏడంగుళముల గాజునే కోరును. బ్యాటరీలో శక్తి నిలువచేయునది రసాయన పదార్థము. దాని బరువు తగ్గించినచో శక్తియు తగ్గును. బిళ్లను కుదించినట్లు తెరను, బ్యాటరీని కుదింపలేము.

కావున ధరను బలవంతముగా దించవలెనన్నచో మిగిలిన మార్గము ఈ భాగముల నాణ్యమును తగ్గించుటయే. మొదటి ఆకాశ్‌లో జరిగినది ఇదే. దాని స్పర్శతెర నొక్కుడుతో పనిచేయు రకము. అందు రెండు పలుచని వాహక పొరలు నడుమ సన్నని ఎడముతో ఉండును. వ్రేలితో నొక్కగా రెండును తాకి, ఎక్కడ తాకినవో యంత్రము గ్రహించును. మెల్లగా తాకిన దానికి తెలియదు. ఖరీదైన రకములో అట్లు నొక్కనక్కరలేదు. గాజుపై పరచిన విద్యుత్క్షేత్రమును వ్రేలి సామీప్యమే మార్చును, ఆ మార్పును యంత్రము పసిగట్టును. రెండవ ఆకాశ్‌లో ఈ రకమునే వాడవలసివచ్చినది. మొదట విడిచిన నాణ్యమును తిరిగి కొనక తప్పలేదన్నమాట.

ఇతర దేశముల అనుభవము

ఈ పొరపాటు మన ఒక్కరిదే కాదు. 2005లో అమెరికాకు చెందిన నికొలస్ నెగ్రోపాంటే ప్రతి బిడ్డకు నూరు డాలర్ల లాప్‌టాప్ అని ప్రకటించిరి. 2007లో యంత్రము తయారగునప్పటికి దాని ఖరీదు దాదాపు రెండింతలైనది. 2006లోనే భారత ప్రభుత్వము ఆ యంత్రము వలదన్నది. పెరూ దేశము మాత్రము వానిని లక్షలకొలది కొన్నది. అమెరికా ఖండముల అభివృద్ధి బ్యాంకు పరిశోధకులు అచ్చటి 319 గ్రామీణ ప్రాథమిక పాఠశాలలను పరీక్షించి 2012లో ఫలితములను ప్రకటించిరి. ఆ యంత్రములందిన బడులలో విద్యార్థి ఒక్కనికి 0.12 కంప్యూటర్ల నుండి 1.18 కంప్యూటర్లకు నిష్పత్తి పెరిగినది. ఐనను లెక్కలలోగాని భాషలోగాని మార్కులు పెరిగినట్లు ఆధారము దొరకలేదు. సామాన్య బుద్ధికుశలతలో మాత్రము కొంత మేలు కనబడినది. యంత్రము చేతికి వచ్చినంతనే చదువు రాదని ఆ దేశము అంత ఖర్చుపెట్టి లోకమునకు నేర్పినది.

చౌక యంత్రము నెగ్గిన ఉదాహరణము కూడ ఒకటి కలదు. 2012 ఫిబ్రవరి 29న ఇంగ్లండులోని కేంబ్రిడ్జి నుండి రాస్ప్‌బెర్రీ పై అను చిన్న కంప్యూటరు పలక వెలువడినది. దాని ధర 35 డాలర్లు. దానిని చేసినవారు తెరను, మీటల పలకను, పెట్టెను ఇవ్వనేలేదు. ఇంటనున్న టెలివిజనుకు తగిలించుకొమ్మనిరి. చౌక చేయలేని భాగములను విడిచి, చౌక చేయగల భాగమునే అమ్మిరి. దానితో పాటు ప్రోగ్రాములు వ్రాయుట నేర్చుకొనుటకు కావలసిన ఉచిత సాధన సామగ్రిని సమకూర్చిరి. చెప్పిన ధరకు చెప్పిన వస్తువు నిచ్చిరి. తిరుపతిలో చూపిన పెట్టెకును దీనికిని ముఖ్యమైన భేదము ఈ నిజాయితీయే.

తెరచిన బీరువా

ఇక రెండవ సమాధానమును చూతము. 1960 ప్రాంతమున కంప్యూటరు గది సామాన్యునికి ప్రవేశము లేని స్థలము. విద్యార్థి తన ప్రోగ్రామును చిల్లుల కార్డులపై కొట్టించి కట్టగట్టి కిటికీవద్ద ఇచ్చి రావలెను. ఎప్పుడో ఫలితపు కాగితము వచ్చును. ఒక చుక్క తప్పినచో మరల కార్డు, మరల నిరీక్షణ. 1963లో ఐఐటి కాన్పూరుకు వచ్చిన ఐబీఎం 1620 కూడ ఆ కార్డుల కాలమునకు చెందినదే.

అమెరికాలోని డార్ట్‌మత్ కళాశాలలో జాన్ కెమెనీ, థామస్ కర్ట్‌జ్ అను ఇరువురు గణితాచార్యులు దీనిని మార్చదలచిరి. 1964 మే 1వ తేదీ తెల్లవారుజామున 4 గంటలకు వారి కాలవిభజన పద్ధతిలో బేసిక్ భాషలో వ్రాసిన ప్రోగ్రాములు తొలిసారి నడచినవి. ఈ పద్ధతి కీలకము చాల సులభమైనది. మనుష్యుడు ఒక అక్షరము కొట్టి, ఆలోచించి, మరొక అక్షరము కొట్టునంతలో కంప్యూటరు వేలకొలది లెక్కలు చేయగలదు. ఆ ఖాళీ సమయమున అది రెండవవానికి, మూడవవానికి పని చేసి తిరిగి మొదటివానివద్దకు రావచ్చును. చదరంగ ప్రవీణుడు ఒకేసారి ఇరువదిమందితో ఆడుచు వరుసగా ఒక్కొక్క బల్ల వద్ద ఎత్తు వేసిపోవునట్లు అన్నమాట. ప్రతివానికి యంత్రమంతయు తనదే అనిపించును.

ఐతే డార్ట్‌మత్ గొప్పతనము యంత్రములో లేదు, నియమములో ఉన్నది. గ్రంథాలయములో విద్యార్థి స్వయముగా బీరువావద్దకు పోయి ఎవరి అనుమతియు లేక పుస్తకము తీసికొనునట్లే, కంప్యూటరువద్దకు కూడ పోవలెనని కెమెనీ వాదించిరి. అచ్చటి విద్యార్థులలో ఎక్కువమంది విజ్ఞానశాస్త్రములు చదువువారు కారు. వారికొరకే బేసిక్ అంత సులభమైన భాషగా రూపొందినది.

ఈ భావము మనకు పరాయిది కాదు. 1931లో మద్రాసులో ఎస్. ఆర్. రంగనాథన్ గ్రంథాలయశాస్త్రమునకు ఐదు సూత్రములు రచించిరి. నాడు చిత్తూరు జిల్లా కూడ మద్రాసు రాజధానిలోనిదే. పుస్తకములున్నది వాడుకకే గాని దాచుటకు కాదనునది అందు మొదటి సూత్రపు భావము. పూర్వము ఐరోపాలో పుస్తకములను గొలుసులతో బల్లలకు కట్టెడివారు. ఆ గొలుసులు పోయినను, గ్రంథాలయము ఉన్నచోటు, తెరచియుండు వేళలు, కుర్చీలు, ఉద్యోగుల తీరు అను నాలుగును పాఠకునికి అనుకూలముగా లేనిచో గొలుసులు ఇంకను ఉన్నట్లేనని ఆయన వాదముయొక్క సారాంశము. పుస్తకము అన్నచోట కంప్యూటరు అని చదువుకొన్నచో నేటి విద్యాలయములకు చాలును.

ఒక చిన్న లెక్క

మన కళాశాలల పరిచయ పుస్తకములలో ఇన్ని కంప్యూటర్లు కలవని వ్రాయుదురు. పర్యవేక్షక సంఘములు వచ్చినప్పుడు వానిని లెక్కించి పోవుదురు. కాని విద్యార్థికి కావలసినది యంత్రముల సంఖ్య కాదు, యంత్రముముందు కూర్చుండగల గంటల సంఖ్య. ఊహకొరకు ఒక కళాశాలను తీసికొనుడు. అందు 60 కంప్యూటర్లు, 1200 మంది విద్యార్థులు కలరనుకొనుడు. ప్రయోగశాల వారమునకు 6 దినములు, దినమునకు 8 గంటలు తెరచియుండును. ఆ 8 గంటలలో 5 గంటలు తరగతుల ప్రయోగములకు పోవును. మిగిలినవి 3 గంటలు. అరువది యంత్రములు, ఆరు దినములు, మూడేసి గంటలు, అనగా వారమునకు 1080 యంత్రగంటలు. దానిని 1200 మందికి పంచినచో ఒక్కొక్కరికి వచ్చునది వారమునకు 54 నిమిషములు.

ఇప్పుడు సాయంకాలము 5 గంటలకు తాళము వేయుటకు మారుగా రాత్రి 10 వరకు గది తెరచియుంచిరనుకొనుడు. దినమునకు 5 గంటలు పెరిగినవి. వారమునకు 1800 యంత్రగంటలు అదనము. మొత్తము 2880. ఒక్కొక్కరికి 2 గంటల 24 నిమిషములు. ఒక్క కొత్త కంప్యూటరును కొనలేదు. ఇంతే మేలును సాయంకాలపు తాళమును అట్లే ఉంచి కొత్త యంత్రములతో సాధింపవలెనన్నచో 160 యంత్రములు కావలెను, అనగా మరి 100 కొనవలెను. నూరు కంప్యూటర్ల ధరయు, ఇద్దరు సహాయకుల జీతమును ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో ఏది తెలివైన ఖర్చో హైస్కూలు విద్యార్థి కూడ చెప్పగలడు.

మరి తాళములేల వేయుదురు? వస్తువు పోయినచో బాధ్యత తనదని ప్రయోగశాల సహాయకుడు భయపడును. ఆ భయము అన్యాయమైనది కాదు. తప్పు అతనిది కాదు, వాడుకవలన అరిగిన వస్తువునకు కూడ ఉద్యోగినే సంజాయిషీ అడుగు పద్ధతిది. యంత్రము వాడక పాడైనచో ఎవరును అడుగరు, వాడి పాడైనచో అందరును అడుగుదురు. ఈ పద్ధతి మారనంతవరకు కొత్త యంత్రములు కూడ బట్ట కప్పుకొని కూర్చుండును.

నిర్వహణ మరొక అంశము. తిరుపతి వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటుట సామాన్యము. కరెంటు పోయినప్పుడు ఆదుకొను సీసపు బ్యాటరీలు 25 డిగ్రీల సెల్సియస్‌కు తగినట్లు రూపొందినవి. అంతకుమించి ప్రతి 10 డిగ్రీలకు వాని ఆయువు సుమారు సగమగునని ఇంజనీర్లు అంచనా వేయుదురు. యంత్రములకు నిధులు తెచ్చి, బ్యాటరీలు మార్చుటకు నిధులుంచని విద్యాలయములో కొన్ని వేసవులు గడచునప్పటికి, కరెంటు తొట్రుపడిన ప్రతిసారి విద్యార్థుల పని కొట్టుకొనిపోవును.

ఎదురువాదము

నేడు ప్రతి విద్యార్థి చేతిలో ఫోను ఉన్నదికదా, గదులతో ఇంకేమి పని అని అడుగవచ్చును. ఈ వాదములో కొంత నిజము కలదు. 2020లో మహమ్మారి వలన విద్యాలయములు మూతపడినప్పుడు పల్లెలకు చేరిన విద్యార్థులకు పాఠము అందినది చాలవరకు ఫోనులోనే. గది ఎంత మంచిదైనను అది మూతపడిన దినమున పనికిరాదు. కాని అదే కాలము ఫోనుయొక్క హద్దును కూడ చూపినది. ఫోనులో పాఠము వినవచ్చును, చదువవచ్చును. నూరు పుటల గ్రంథము వ్రాయుట, పొడవైన ప్రోగ్రామును సరిదిద్దుట, పరికరమును తగిలించి కొలతలు తీయుట కష్టము. ఫోను వినువానికి సాధనము, కంప్యూటరు చేయువానికి సాధనము. 2017–18లో జరిగిన జాతీయ నమూనా సర్వే 75వ విడత ప్రకారము దేశములోని గ్రామీణ కుటుంబములలో కంప్యూటరు గలవి నూటికి 4.4 మాత్రమే. పట్టణములలో 23.4. పల్లె బిడ్డను వినువానిగానే నిలిపి పట్టణపు బిడ్డను చేయువానిగా పెంచినచో, ఒకే పట్టా రెండు వేరు విలువలు గల కాగితములగును.

తిరుపతిలో ప్రారంభమైన ఉద్యమమును ఈ దృష్టితో చూచినచో తీర్పు మిశ్రమముగా నుండును. దాని పెట్టె విఫలమైనది, కాని దాని పాఠములు నిలచినవి. ఐఐటిల ఆచార్యుల ఉపన్యాసములు, ఇంటర్నెట్టు ద్వారా చేయదగిన ప్రయోగములు, ఉచిత సాఫ్ట్‌వేరును నేర్పుచు తెలుగులోనికి కూడ వచ్చిన బొంబాయి ఐఐటి వారి చిన్న పాఠములు నేటికిని ఎవరైనను ఉచితముగా వాడుకొనవచ్చును. విచిత్రమేమనగా, ఈ పాఠములన్నిటి ప్రయోజనమును పొందుటకు మరల ఒక మంచి తెర, ఒక మీటల పలక, తొందరపెట్టని రెండు గంటలు కావలెను. ఆనాడు పత్రికలు వెదకినది పెట్టెను. విద్యార్థికి కావలసినది గది.

ఉన్నత పాఠశాలల ఉపాధ్యాయులు ఈ విషయమున ఒక పని చేయవచ్చును. పైన చూపిన లెక్కను తమ పాఠశాల కంప్యూటరు గదికి వర్తింపజేయుమని విద్యార్థులకు ఇవ్వవచ్చును. పనిచేయు యంత్రములెన్ని, తలుపు తెరచియుండు గంటలెన్ని, విద్యార్థులెందరు అను మూడు అంకెలు చాలును. వచ్చిన నిమిషములను గోడపై వ్రాయవచ్చును. నేడు ఆ లెక్క వేసిన పిల్లవాడే రేపు తిరుపతిలోనో కుప్పములోనో విశ్వవిద్యాలయమున చేరును. అచ్చట మూసిన తలుపు కనబడినచో, కంప్యూటర్లు ఎన్ని ఉన్నవని కాక, ఈ గది ఎన్నింటివరకు తెరచియుండునని అడుగుట అతనికి అప్పటికే తెలిసియుండును.